పెద్ద కూతురి ఇంట పవిత్ర వారం

బుధవారం, పారిస్

నోత్ర్‌దామ్ కెథడ్రల్‌లోకి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు గానీ ముందుగా వేళ ఖాయం చేసుకోవాలి, లేదంటే పొడుగాటి వరసలో నిలబడాలి. మా పెద్దమ్మాయి నిద్ర మానుకుని ఫోనుతో కుస్తీ పట్టి మధ్యాహ్నం వేళ ఒకటి సంపాదించింది. అది లియాన్‌లో డేటా సైన్సు చదువుతోంది. నేను విశాఖలో టీచరుగా ఈ మధ్యే రిటైరయ్యాను. ఎప్పుడొస్తావమ్మా అంటే 2025 పవిత్ర వారానికి, అంటే ఈస్టర్‌కు ముందు వారానికి, వస్తానన్నాను. "ఇక్కడ పవిత్ర వారం అని ఏమీ ఉండదు. గుడ్ ఫ్రైడేకి సెలవు కూడా ఇవ్వరు" అంది. నమ్మలేదు. తిరుసభకు, అంటే కతోలిక చర్చికి, పెద్ద కూతురని పేరు పడ్డ దేశం కదా! తీరా వచ్చి చూస్తే నిజమే. మన దగ్గర ప్రభుత్వ ఆఫీసులు మూసే రోజు ఇక్కడ మామూలు పనిదినం. జర్మనీ సరిహద్దున అల్సాస్, మోసెల్ వైపు మాత్రం సెలవిస్తారట. మిగతా దేశానికంతా సెలవు ఈస్టర్ మర్నాడు, సోమవారం.

లోపలికి అడుగుపెట్టగానే ఆశ్చర్యం వేసింది. పాత ఫొటోల్లో ఆ స్తంభాలన్నీ పొగచూరి కనిపిస్తాయి. ఇప్పుడు రాయంతా మీగడ రంగు. 2019 ఏప్రిల్ 15న, అదీ పవిత్ర వారంలో సోమవారమే, కప్పు తగలబడి శిఖరం కూలిపోయింది. 150 దేశాల నుంచి మూడు లక్షల నలభై వేల మంది చందాలిచ్చారు, మొత్తం 84 కోట్ల 60 లక్షల యూరోలు. 2024 డిసెంబరులో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఇంతా చేసి ఈ కట్టడం చర్చిది కాదు, ప్రభుత్వానిది. 1905లో చట్టం చేసి రాజ్యాన్నీ మతాన్నీ విడదీశారు. అప్పటికే ఉన్న కెథడ్రల్స్ ప్రభుత్వం కిందకి, ఊళ్లలోని చర్చిలు ఆయా మునిసిపాలిటీల కిందకి వెళ్లాయి. పూజ చేసుకునే హక్కు కతోలికులకు మిగిలింది. ఇల్లుగలాయనకు దేవుడితో పని లేదు, అద్దె కట్టని కాపురస్తులేమో పొద్దస్తమానం దేవుణ్ణే తలుచుకుంటారు.

నడవల్లో యాత్రికులు ఫోన్లు పైకెత్తి నడుస్తూనే ఉన్నారు. మధ్యలో పూజ జరుగుతూనే ఉంది. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, కూర్చున్న వరసలో నా వయసువాళ్లు తక్కువ. చెవికి పోగు, చేతి నిండా పచ్చబొట్లున్న ఒక కుర్రాడు కుర్చీ ఖాళీగా ఉన్నా వట్టి రాతినేల మీద మోకరించాడు. క్రీస్తు తల మీద పెట్టిందని నమ్మే ముళ్ల కిరీటాన్ని తపస్సు కాలంలో, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల్లో, శుక్రవారాలు ముద్దు పెట్టుకోనిస్తారు. మేం వెళ్లింది బుధవారం, కాబట్టి దూరం నుంచి దండం పెట్టుకోవడమే అయింది. కిరీటం అంటారు గానీ ఇప్పుడు దానికి ముళ్లు లేవు, మిగిలింది అల్లిన రెల్లు చుట్ట. ముళ్లన్నీ ఏనాడో రాజులూ చక్రవర్తులూ పంచుకుపోయారు.

"నేను చూడ్డానికి వచ్చాను, మొక్కడానికి కాదు" అని అమ్మాయి ముందే చెప్పింది. సరేనన్నాను. ఇంజనీరింగ్ రెండో ఏడు నుంచీ అది పూజకు రావడం మానేసింది.

సాయంత్రం లియాన్ వెళ్లే టీజీవీ, అంటే ఇక్కడి వేగం రైలు, ఎక్కాం. రెండు గంటల ప్రయాణం. దానికి లెక్కలంటే గురి. ఫోనులో చూసి చదివింది: ఈ ఈస్టర్‌కి ఫ్రాన్సులో జ్ఞానస్నానం తీసుకుంటున్న పెద్దవాళ్లు 10,384 మంది. కిందటేడు 7,135. నలభై రెండు శాతం మంది 18 నుంచి 25 ఏళ్ల లోపువాళ్లు. నా మొహం వెలిగిపోయి ఉంటుంది, వెంటనే రెండో లెక్క తీసింది. "ఆగమ్మా. 2000 ప్రాంతంలో ఇక్కడ ఏటా మూడున్నర లక్షలకు పైగా పసిపిల్లలకు జ్ఞానస్నానం ఇచ్చేవారు. ఇప్పుడు రెండు లక్షలకు అటూ ఇటూ. పోయింది లక్షల్లో, వచ్చింది వేలల్లో." కిటికీలోంచి చూశాను. పసుప్పచ్చటి ఆవచేలు, ప్రతి ఊళ్లో ఒక గోపురం. ఆ గోపురాల కింద ఆదివారం ఎంతమంది కూర్చుంటారో దాని లెక్క చెప్తోంది.

పవిత్ర గురువారం, ఆర్స్

క్రీస్తు ప్రభువు గురుత్వాన్ని స్థాపించిన రోజు కాబట్టి విచారణ గురువుల (ఊరి చర్చి ఫాదర్ల) పాలక పునీతుడి ఊరికి పోదామన్నాను. లియాన్ నుంచి విల్‌ఫ్రాంష్ దాకా రైలు, అక్కణ్ణుంచి టాక్సీ.

పునీత జాన్ మరియ వియాన్నీ 1818లో ఈ ఊరికి వచ్చేసరికి ఇక్కడున్నది 230 మంది. ఫ్రెంచి విప్లవం అయిపోయి ఎంతో కాలం కాలేదు. గుళ్లు మూసేసి, గురువుల్ని తరిమేసి, విశ్వాసం అడుగంటిన కాలంలో పెరిగినవాడు ఆయన. మొదటి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) ఒక ఇంట్లో దొంగచాటుగా తీసుకున్నాడు. లోపలి దీపం వెలుగు బయటికి కనబడకుండా కిటికీల ముందు గడ్డి బళ్లు నిలబెట్టారట. సెమినరీలో లాటిను ఒంటపట్టక ఇంటికి పంపేశారు. అలాంటివాడు ఆర్స్ వస్తే జనం ఆదివారం పొలానికో సారా కొట్టుకో పోయేవారు. ముసలితనంలో మాత్రం పాపసంకీర్తనం వినడానికి రోజుకు పదహారేసి గంటలు ఆ పెట్టెలో కూర్చోవాల్సి వచ్చింది, అన్ని వేలమంది దిగేవారు ఊళ్లోకి.

ఆయనున్న ఇంటిని అలాగే ఉంచారు. వంటగది చూడాలి. పొయ్యి, ఇనప గిన్నె, ఒక బల్ల. వారానికి సరిపడా ఉర్లగడ్డలు ఒకేసారి ఉడకబెట్టుకుని, చివరి రోజుల్లో బూజు పట్టినా అవే తినేవాడు. పైన పడగ్గదిలో కాలిన మంచం. సాతాను తగలబెట్టిందని ఆయన నమ్మాడు. అమ్మాయి ఆ మంచం దగ్గర ఏదో అనబోయి, నన్ను చూసి ఆగిపోయింది.

గాజుపేటికలో ఉన్న ఆయన దేహం దగ్గర మేం తెలుగులో గుసగుసగా పోట్లాడుకుంటున్నాం, ఫొటో తీయొచ్చా కూడదా అని. వెనకనుంచి, "ఏటమ్మా, మనోళ్లేనా?" అని వినబడింది. తిరిగి చూస్తే నల్లకోటు, మెడకు మఫ్లరు, ఒక ఫాదర్ గారు. విజయనగరం వైపు ఊరు ఆయనది. ఇక్కడికి వచ్చి కొన్నేళ్లయింది, చుట్టుపక్కల పల్లెలు ఆయనకు అప్పగించారు. రాత్రి పూజకు ముందు తనే పాపసంకీర్తనం చేసుకుందామని వచ్చారట.

బయట బల్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడారు. ఆయన కింద ఇరవై చిల్లర గోపురాలున్నాయి. ఆదివారం పూజ వంతులవారీగా ఒక్కో ఊళ్లో. కొన్ని చర్చిల తలుపు ఏడాదికొకసారి, ఆ ఊరి పునీతుడి పండగకే తెరుస్తారు. "నేనిక్కడ మట్టి చేసినోళ్లే ఎక్కువ, జ్ఞానస్నానం ఇచ్చినోళ్లు తక్కువ" అన్నారు. ముసలమ్మలు మొదట్లో ఆయన ఫ్రెంచి అర్థం కాలేదని మొహం తిప్పుకునేవారు. ఇప్పుడు జాము సీసాలు తెచ్చి గుమ్మంలో పెట్టిపోతున్నారు. ఈ ఏడాది ఆయన దగ్గర ఒక్కడున్నాడు, లారీ డ్రైవరు. రాత్రుళ్లు దూరాలు తోలుతూ ఫోనులో బైబిలు వింటూ వింటూ, ఒకరోజు లారీ ఆపి గురువు ఇంటి తలుపు తట్టాడు. "మీరు నాకేటి నేర్పుతారు?" అని అడిగాడట. "మనకాడ ఉపదేశి చిన్నప్పుడే బట్టీ పట్టించీసేడు కదమ్మా, అందుకే ఎవరూ అడగరు. ఈడు అడిగేసరికి నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది" అని నవ్వారు. చింతపండు మాత్రం ఇక్కడ దొరకడం కష్టమని వాపోయారు. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం.

రాత్రి లియాన్‌లో అమ్మాయి గదికి దగ్గర్లో ఉన్న చర్చికి వెళ్లాను. పాదాలు కడిగారు. మహిమ గీతం పాడేటప్పుడు గంటలన్నీ ఒక్కసారిగా మోగించి ఆపేశారు. ఇక శనివారం రాత్రి దాకా మోగవు. గంటలు రోముకు ఎగిరిపోయాయని, వచ్చేటప్పుడు చాక్లెట్లు తెస్తాయని పిల్లలకు చెప్తారిక్కడ. తర్వాత ఆరాధన. ముసలివాళ్లు త్వరగానే లేచి వెళ్లిపోయారు. అర్ధరాత్రి దాకా నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నది కాలేజీ పిల్లలు. మా అమ్మాయి ఎదురుగా కబాబు కొట్టులో కూర్చుని నాకోసం ఎదురుచూసింది.

శుభ శుక్రవారం, క్లూనీ, తైజే

రైల్లో ఆఫీసులకు పోయేవాళ్లు, భుజాన ల్యాప్‌టాప్ సంచులు. మకాన్‌లో దిగి బస్సెక్కి క్లూనీ చేరాం.

క్లూనీలో చూడ్డానికి ఏముందంటే లేనిదే ఉంది. 910లో మొదలైన మఠం. 1088లో పునాది వేసిన మూడో చర్చి పొడవు 187 మీటర్లు. రోములో ఇప్పటి పునీత పేతురు దేవాలయం లేచేదాకా క్రైస్తవ లోకంలో దీన్ని మించింది లేదు. విప్లవం వచ్చాక జాతీయ ఆస్తి కింద అమ్మేశారు. కొన్నవాళ్లు తుపాకి మందు పెట్టి పేల్చి, రాయి రాయి అమ్ముకున్నారు. ఆ రాళ్లతో నెపోలియన్ హయాంలో గుర్రాలశాల కట్టారు. మిగిలింది పదో వంతు కూడా ఉండదు. కుడిచేతి వైపు అడ్డనడవ ఒకటి, దాని మీద ఎనిమిది మూలల గోపురం. ఆ కాస్త ముక్క కింద నిలబడి తలెత్తితేనే మెడ పట్టేసింది. నడవ ఉండాల్సిన చోట ఇప్పుడు వీధి. ఎవరో పాలసీసాల ట్రే మోసుకుంటూ దాటిపోయారు.

అక్కణ్ణుంచి తైజే కొద్ది నిమిషాలే. బస్సులో అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది: "సోవే కమిషన్ రిపోర్టు తెలుసా నీకు?" తెలుసు. ఇక్కడి మేత్రాణులే (బిషప్పులే) వేయించిన కమిషన్ అది. 1950 నుంచి గురువుల చేతుల్లో, మఠవాసుల చేతుల్లో లైంగిక హింసకు గురైన పిల్లలు 2,16,000 మంది ఉంటారని 2021 అక్టోబరులో అంచనా కట్టి చెప్పింది. "ఇంత జరిగాక జ్ఞానస్నానాలు పెరిగాయని మురిసిపోతారేంటమ్మా?" అంది. నేనేమీ అనలేదు. దానికి సర్దిచెప్పే మాట ఏది అన్నా అది తప్పే అవుతుంది. కాసేపాగి తనే అంది, తను మానేసింది ఆ రిపోర్టు చూసి కాదని, మా విచారణలో సమాధుల తోట దగ్గర కులాల గొడవ చూసి అని. నాకు తెలియని సంగతేం కాదు. ఇన్నేళ్లలో అది నోరు విప్పి చెప్పడమే మొదటిసారి. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు, దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్ అని మనం చప్పట్లు కొట్టాం. మొదటివాడు రావడానికి 2022 దాకా ఎందుకు పట్టిందని మాత్రం ఏ ప్రసంగంలోనూ నేను వినలేదు.

తైజే ఒక్క కతోలికులదే కాదు. స్విట్జర్లాండుకు చెందిన ప్రొటెస్టంటు బ్రదర్ రోజె 1940లో పాతికేళ్ల వయసులో ఇక్కడికి వచ్చాడు, యుద్ధంలో పారిపోయి వస్తున్న యూదులకు చోటిచ్చాడు, తర్వాత మఠం పెట్టాడు. ఇప్పుడు దాదాపు ముప్పై దేశాల బ్రదర్లున్నారు, కతోలికులూ ప్రొటెస్టంట్లూ కలిసి. 2005 ఆగస్టు 16న సాయంత్రం ప్రార్థనలోనే, మతి స్థిమితం లేని ఒక స్త్రీ పొడిస్తే చనిపోయాడాయన.

చర్చి బయటికి గిడ్డంగి మాదిరి ఉంటుంది. లోపల కుర్చీల్లేవు. తెల్లబట్టల బ్రదర్లు మధ్యలో మోకరించారు, చుట్టూ వేలమంది కుర్రకారు నేల మీదే. ప్రసంగం లేదు. ఒక్కో పాటా రెండు వాక్యాలు, లాటినో స్పానిషో పోలిష్షో, పదే పదే పాడతారు. మన పల్లెల్లో భజన చేసినట్టే, పాట తెలియనివాడికి కూడా నాలుగోసారికి నోటికొచ్చేస్తుంది. ఆ తర్వాత మౌనం. నిజంగా మౌనం, పది నిమిషాల దాకా. అంతమంది పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి పది నిమిషాలు నిశ్శబ్దంగా ఉంచడం నా ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు చేతకాలేదు.

భోజనానికి ఒక వాలంటీరు పిల్ల చీటీ ఇప్పించింది. ప్లేటు, గిన్నె, ఒక్క చెంచా. ఫోర్కూ లేదు, చాకూ లేదు. టీ కూడా ఆ గిన్నెలోనే. ఎక్కడికక్కడ పిల్లలే వడ్డిస్తున్నారు, పిల్లలే పాడుతూ గిన్నెలు తోముతున్నారు. పోలెండు కుర్రాడొకడు నన్నడిగాడు, ఇండియాలో కూడా కతోలికులున్నారా అని. వాడి దేశం కన్నా ముందే ఉన్నారని చెప్పాను. కేరళ లెక్కలో అది నిజమే.

పవిత్ర శనివారం, లియాన్

పగలు ఏ పూజా ఉండదు. కేబుల్ రైలెక్కి ఫుర్వియేర్ కొండ మీదికి వెళ్లాం. 1870 యుద్ధంలో ప్రష్యా సేనలు నగరం దాకా రాకపోతే గుడి కడతామని లియాన్ వాసులు మరియమాతకు మొక్కుకుని కట్టిన బసిలికా అది. బంగారు మొజాయిక్కులు ధగధగలాడుతున్నాయి. నాకు కళ్లు చెదిరాయే గానీ మనసు పట్టలేదు. నాకు కావలసింది దాని కిందుగా వాలులో ఉన్న లొరెట్ అనే పాత ఇల్లు.

ధన్య (పునీత పట్టానికి ఒక మెట్టు కింద) పోలీన్ జారికో ఇల్లది. 1799లో పట్టు వ్యాపారుల ఇంట పుట్టింది. సన్యాసం పుచ్చుకోలేదు, పెళ్లీ చేసుకోలేదు. పట్టు మిల్లుల్లో కూలికి పోయే ఆడపిల్లల్ని పోగుచేసి, వారానికి ఒక్క సూ, అంటే అక్కడి చిల్లర కాసు, మిషన్ల కోసం ఇమ్మంది. పది మందికి ఒకరు వసూలు చేయాలి. అలాంటి పది మంది మీద ఒకరు, వాళ్లలో పది మంది మీద ఇంకొకరు. "ఇది నెట్‌వర్క్ మార్కెటింగ్ కదా" అంది మా అమ్మాయి. అవును మరి. 1822లో అదే విశ్వాస వ్యాప్తి సంఘం అయింది, పందొమ్మిదో శతాబ్దంలో ఇండియా మిషన్లకు డబ్బు వెళ్లిన ప్రధానమైన దారుల్లో ఒకటి. పనివాళ్ల కోసం ఒక ఆదర్శ కర్మాగారం పెట్టబోయి మోసగాళ్ల చేతిలో సర్వం పోగొట్టుకుని, 1862లో నిరుపేదగా చనిపోయింది. 2022లో ధన్యురాలిగా ప్రకటించారు.

ఆ ఇంటి మెట్ల మీద కూర్చుంటే ఒక సంగతి తట్టింది. ఫ్రాన్సు చర్చి నిండుగా, బలంగా ఉన్న రోజుల్లో ఇక్కణ్ణుంచి మనకు మిషనరీలు వచ్చారనుకుంటూ పెరిగాం. ఇప్పుడు వట్టిపోయిందని జాలిపడతాం. కానీ ఆ కాలం లెక్క చూడండి. క్లూనీ రాళ్లు బళ్ల మీద అమ్ముడుపోతున్న రోజులవి. వియాన్నీ దొంగచాటుగా సత్ప్రసాదం తీసుకున్న తరం అది. మన తీరానికి మిషనరీలు చేరింది ఆ శిథిలాల్లోంచి, ఆ కూలిపిల్లల చిల్లర కాసులతో. కాబట్టి ఇక్కడ గుళ్లు ఖాళీ అని మనం తల ఎగరెయ్యనక్కర్లేదు. పదివేల చిల్లర అంకె చూసి దేశం తిరిగి దేవుడి దారి పట్టిందని చంకలు గుద్దుకోనూ అక్కర్లేదు.

రాత్రి పాస్క జాగరణకు, అంటే ఈస్టర్ ముందు రాత్రి పూజకు, అమ్మాయి కూడా వచ్చింది. నాకోసం కాదు. దాని క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఆ రాత్రి జ్ఞానస్నానం తీసుకుంటోంది.

చర్చి ముందు ఇనప తొట్టెలో మంట వేశారు. గాలికి నిప్పురవ్వలు లేస్తుంటే గురువు పాస్కా కొవ్వొత్తి మీద 2025 అంకెలు గీసి, వెలిగించి, చీకటి గుళ్లోకి నడిచారు. వెనకే మేమంతా. సృష్టి కథ, ఎర్ర సముద్రం, ప్రవక్తలు, పఠనాలు సాగుతూ పోయాయి. మహిమ గీతం దగ్గర గంటలు తిరిగొచ్చాయి. పునీతుల ప్రార్థనలో లియాన్ వాళ్ల పేర్లు ప్రత్యేకంగా చదివారు: పోథినుస్, ఇరేనియుస్, బ్లాందీనా. 177లో ఈ ఊళ్లోనే మృగాల ముందుకు తోసిన బానిసపిల్ల బ్లాందీనా.

జ్ఞానస్నానం తీసుకునేవాళ్లు ఏడుగురున్నారు. ఈ దేశంలో ఏడాదిన్నర, రెండేళ్లు సిద్ధపడనిదే పెద్దవాళ్లకు జ్ఞానస్నానం ఇవ్వరు. ఒక్కొక్కరి పేరూ పిలిచినప్పుడు "ఇదిగో నేను" అని ముందుకు నడిచారు. మా అమ్మాయి క్లాస్‌మేట్ తొట్టి మీదికి వంగింది. గురువు మూడుసార్లు నీళ్లు పోశారు, పొదుపుగా కాదు, చెంబు నిండా. తెల్ల అంగీ తొడిగి, చేతికి వెలిగించిన కొవ్వొత్తి ఇచ్చారు. ఆ పిల్ల జుట్టు నుంచి నీళ్లు కారి కొవ్వొత్తి చుయ్‌మని ఆరిపోయింది. జ్ఞానతల్లి తన దాంతో మళ్లీ వెలిగించింది. ఇంకో నీటిబొట్టు పడి మళ్లీ ఆరింది. ఆ పిల్లకు నవ్వాగలేదు, గుళ్లో అందరికీ ఆగలేదు. మూడోసారి కొవ్వొత్తిని చాచిన చేత్తో దూరంగా పట్టుకుని నిలబడింది.

ఆ అమ్మాయి నాన్న వెనక స్తంభం దగ్గర చేతులు కట్టుకుని ఉన్నాడు. ప్రభుత్వ స్కూల్లో లెక్కల మాస్టారు. బయటికొచ్చాక మా అమ్మాయి అనువాదం చేస్తే మాట్లాడుకున్నాం, టీచరూ టీచరూ కాబట్టి. వాళ్లింట్లో మూడు తరాలుగా ఎవరూ గుడి గడప తొక్కలేదట. కూతురు హాస్టల్లో ముస్లిం స్నేహితురాలు రంజాన్ ఉపవాసాలు చేస్తుంటే చూసి, మన అమ్మమ్మ వాళ్లకేం ఉండేదని అడగడంతో మొదలైందట ఇదంతా. "ముప్పై ఏళ్లు మతాన్ని స్కూలు గేటు బయటే ఆపాను. మా ఇంటి తలుపు సంగతి చూసుకోలేదు" అన్నాడు. కోపంగా కాదు, అలాగని సంతోషంగానూ కాదు. కూతుర్ని మాత్రం తడి జుట్టుతో చలిలో నిలబడ్డావంటూ తన కోటు కప్పి తీసుకుపోయాడు.

ఆదివారం

కోడికూర, పులావు. అమ్మాయి స్నేహితులు వచ్చారు. కారం తగ్గించమని నన్ను, తగ్గించొద్దని దాన్ని అడిగారు. మధ్యాహ్నం టీవీలో రోము చూపించారు. పోపు ఫ్రాన్సిస్ బాల్కనీలోకి చక్రాల కుర్చీలో వచ్చి, పీలగొంతుతో పండగ శుభాకాంక్షలు చెప్పి, జనం మధ్య బండిలో తిరిగారు. నోత్ర్‌దామ్ తెరిచిన వేడుకకు రమ్మంటే రాని మనిషి, వారం తిరిగేసరికి ఫ్రాన్సుదే అయిన కోర్సికా ద్వీపానికి వెళ్లి పల్లె జనం భక్తి గురించి మాట్లాడి వచ్చారు. ఫ్రెంచివాళ్లు కొందరు నొచ్చుకున్నారట. నాకు మాత్రం ముచ్చటేసింది.

సోమవారం, అనెసీ

మా నాయనమ్మ "అనెసీ ఫాదర్లు" అనేది. అది ఒక ఊరని, అక్కడో సరస్సుందని ఆవిడకు తెలుసో లేదో. రైలు సగం దూరం పోయాక పెట్టెలో ఫోన్లన్నీ ఒకటొకటిగా మోగడం మొదలెట్టాయి. పాపుగారు, పోపు ఫ్రాన్సిస్, పొద్దున 7:35కి పోయారు. ఎదురుసీట్లో కొండలెక్కే బూట్లు వేసుకున్న పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పారిస్‌లో నోత్ర్‌దామ్ గంటను 88 సార్లు కొట్టారని తర్వాత విన్నాం, ఆయన వయసుకు సరిపడా.

అనెసీలో పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్, పునీత జేన్ షాంటాల్ సమాధులున్న విజిటేషన్ బసిలికా గుట్ట మీద ఉంది. మెట్లెక్కుతుంటే కింద సరస్సు నీలంగా పరుచుకుని కనబడింది. ఇక్కడే 1838లో పీటర్ మెర్మియే గారు ఎంఎస్ఎఫ్ఎస్ సభను, అంటే పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ మిషనరీల సభను, స్థాపించారు. ఆయన పని మొదట దూరదేశాల్లో కాదు, ఈ సవోయ్ పల్లెల్లోనే. విప్లవం తుడిచిపెట్టిన ఊళ్లకు వెళ్లి వారాల తరబడి ప్రసంగాలు చేసేవారు. ఆ సభవాళ్లే 1846లో విశాఖలో దిగారు. మరుసటేడు సెయింట్ అలోషియస్ స్కూలు. 1849లో అనెసీ నుంచే పునీత జోజప్ప సభ సిస్టర్లు యానాం వచ్చారు. తమాషా ఏంటంటే వాళ్లు బయల్దేరినప్పుడు అనెసీ ఫ్రాన్సులో లేదు, సార్డీనియా రాజ్యంలో ఉంది. 1860లో కలిసింది. మా నాయనమ్మకు అక్షరం ముక్క నేర్పింది ఆ సిస్టర్ల తరవాతి తరాలవాళ్లే.

పాపుగారి ఆత్మశాంతికి సాయంత్రం పూజ ఉందని గుమ్మంలో అప్పటికప్పుడు చేత్తో రాసి అంటించారు. అది చూసుకుంటే మా రైలు తప్పుతుంది. "తర్వాతది ఎక్కుదాంలే, నువ్వెళ్లు" అని అమ్మాయి సరస్సు ఒడ్డున ఐస్‌క్రీం కొట్టు చూపించి అక్కడుంటానంది. గుళ్లో సగం మంది సెలవుకి కొండలెక్కి తిన్నగా వచ్చేసినవాళ్లు, వీపున సంచులతో. ఈస్టర్ అష్టకంలో, అంటే పండగ ఎనిమిది రోజుల్లో, కాబట్టి అల్లెలూయా పాడుతూనే చనిపోయినవాళ్ల ప్రార్థన చేశారు. నా పక్కనున్నామె ఒకరికొకరం సమాధానం (శాంతి) చెప్పుకునేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

రైల్లో ఉండగా ఆర్స్‌లో కలిసిన ఫాదర్ గారు ఫోను చేశారు. పొద్దున్నుంచీ ఊరూరా గంట కొడుతూ తిరుగుతున్నారట. తాళంచెవి దొరక్క రెండు చర్చిల్లో కొట్టలేకపోయారు. లారీ డ్రైవరుకి శనివారం జ్ఞానస్నానం బాగా జరిగిందని, వాడికి మర్నాడే మార్సెయ్ డ్యూటీ పడిందని చెప్పారు.

"వచ్చే ఆదివారం మా ఊరు రండమ్మా, పూజకి."

"ఎంతమంది వస్తారు ఫాదర్?"

"పదిమంది ఉంటారు. మీరొస్తే ఇంకా బాగుంటాది. మీ పాప దగ్గర చింతపండుంటే ఎట్టుకు రండి, చేపలు నేను కొనీసి ఉంచుతాను."

అమ్మాయి పక్కనుంచి వింటూనే ఉంది. "అరకేజీ ఉంది, పావుకేజీ ఇస్తానని చెప్పు" అంది.